కర్బన తటస్థ పట్టణ ప్రణాళిక: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

ఒక పట్టణం తన కార్యకలాపాల వల్ల గాలిలో కలిసే హరితగృహ వాయువులను సాధ్యమైనంత మేర తగ్గించుకుని, ఎంత ప్రయత్నించినా మిగిలిపోయే కొద్ది భాగానికి సమానమైన కర్బనాన్ని గాలి నుంచి తిరిగి తీసుకునే ఏర్పాటు చేసుకుంటే, ఆ స్థితిని కర్బన తటస్థత అంటారు. ఇందులో తగ్గించుకోవడం మొదటి పని, పీల్చుకోవడం చివరి పని. ఈ వరుస తారుమారైతే ప్రణాళిక మొక్కలు నాటే కార్యక్రమంగా మిగిలిపోతుంది.

కర్బన తటస్థత పేరు చెప్పగానే కోపెన్‌హేగన్, ముంబై వంటి మహానగరాలే గుర్తుకొస్తాయి. అయితే తెలంగాణ పట్టణ జనాభాలో చెప్పుకోదగ్గ భాగం లక్ష లోపు, లక్ష చుట్టుపక్కల జనాభా ఉన్న ఊళ్లలో నివసిస్తోంది. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అలాంటివే. పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ మూడింటిలో జగిత్యాల, సిరిసిల్ల 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. పక్కపక్క ఊళ్లే అయినా వీటి బతుకుదెరువులు వేరు, వాటితో పాటు ఉద్గారాల మూలాలూ వేరు. అందుకే మూడింటికీ ఒకే నమూనా ప్రణాళిక సరిపోదు. ఈ వ్యాసం అటువంటి ప్రణాళికకు కావలసిన లెక్కలను, అందుబాటులో ఉన్న మార్గాలను, వాటి పరిమితులను వివరిస్తుంది.

నేపథ్యం

2021 నవంబర్ 1న గ్లాస్గో వాతావరణ సదస్సులో భారతదేశం 2070 నాటికి నికర శూన్య ఉద్గారాల స్థితికి చేరతామని ప్రకటించింది. దేశ స్థాయి లక్ష్యం నెరవేరాలంటే అది ఊళ్ల స్థాయి పనులుగా విడిపోవాలి. కరెంటు వాడేదీ, బండి నడిపేదీ, చెత్త పారేసేదీ, ఇల్లు కట్టేదీ ఊళ్లలోనే.

భారతీయుని సగటు వార్షిక కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం సుమారు 2 టన్నులు. ప్రపంచ సగటులో ఇది సగం కన్నా తక్కువ. చిన్న పట్టణాల్లో నేత కార్మికులు, బీడీ కార్మికులు, రోజు కూలీల కుటుంబాలది ఇంకా తక్కువ. వాతావరణ మార్పుకు వీరి బాధ్యత స్వల్పమే అయినా దెబ్బ మాత్రం ముందుగా వీరికే తగులుతోంది. జగిత్యాల జిల్లాలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం పరిపాటి అయింది. రేకుల షెడ్డు కింద మరమగ్గం నడిపే మనిషికీ, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీకీ ఆ వేడి నేరుగా కూలి నష్టంగా మారుతుంది. కాబట్టి ఈ పట్టణాల్లో కర్బన ప్రణాళికకు రెండు కొలమానాలు ఉండాలి: ఉద్గారం ఎంత తగ్గింది, శ్రమజీవి ఖర్చూ కష్టమూ ఎంత తగ్గాయి. రెండోది లేని ప్రణాళికను ప్రజలు తమదిగా భావించరు, భావించనవసరమూ లేదు.

ఉద్గారాల చిట్టా

ఏ ప్రణాళికకైనా మొదటి మెట్టు ఉద్గారాల పట్టిక. నగరాల కోసం 2014లో వెలువడిన ప్రపంచ స్థాయి లెక్కింపు విధానం ఉద్గారాలను మూడు పరిధులుగా విభజిస్తుంది. ఊరి హద్దుల్లోనే మండే ఇంధనం, కుళ్ళే చెత్త మొదటి పరిధిలోకి వస్తాయి. ఊళ్లో వాడుతున్నా మరోచోట ఉత్పత్తయ్యే కరెంటుది రెండో పరిధి. ఊరి అవసరాల కోసం బయట తయారై వచ్చే సిమెంటు, నూలు, ఎరువుల వంటి వాటిది మూడో పరిధి.

చిన్న మున్సిపాలిటీకి ఇది అందని పని కాదు. కావలసిన వివరాల్లో చాలా భాగం ఇప్పటికే ఏదో ఒక కార్యాలయంలో ఉంటుంది. విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర కేటగిరీల వారీ యూనిట్లు, గ్యాస్ ఏజెన్సీల దగ్గర సిలిండర్ల సంఖ్య, పెట్రోలు బంకుల దగ్గర అమ్మకాల లెక్క, రవాణా శాఖ దగ్గర వాహనాల రిజిస్ట్రేషన్లు, మున్సిపల్ పారిశుధ్య విభాగం దగ్గర చెత్త తూకాలు ఉంటాయి. వాటిని గుణించడానికి కొన్ని స్థిరాంకాలు తెలిస్తే చాలు:

- గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్
- పెట్రోలు లీటరుకు సుమారు 2.3 కిలోలు, డీజిల్ లీటరుకు సుమారు 2.7 కిలోలు
- 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్‌కు 40 కిలోలకు పైగా
- లోతైన కుప్పలో గాలి ఆడకుండా కుళ్ళే తడిచెత్త టన్నుకు, వెలువడే మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి చూస్తే, దాదాపు ఒక టన్ను వరకు

కరెంటు సంఖ్య అంత ఎక్కువగా ఉండటానికి కారణం బొగ్గు. ఈ పట్టణాలకు తూర్పున ఉన్న రామగుండంలోనే ఎన్‌టీపీసీకి 2,600 మెగావాట్ల బొగ్గు ఆధారిత కేంద్రం ఉంది. గ్రిడ్‌లో సౌర, పవన, జల విద్యుత్తు వాటా పెరిగే కొద్దీ ఈ 0.7 తగ్గుతూ పోతుంది. అయినా గ్రిడ్ శుభ్రపడేదాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే పట్టణం చేతిలో ఉన్న పనులు ఆగిపోతాయి.

హద్దుల విషయంలో స్పష్టత అవసరం. మున్సిపల్ హద్దు లోపలి ఉద్గారాలది ప్రధాన ఖాతా. చుట్టూ ఉన్న వరి పొలాలు, వ్యవసాయ బోరు మోటార్లు, బియ్యం మిల్లులది పరిసర ఖాతా. ఈ రెండింటినీ విడిగా రాస్తే ఎవరి బాధ్యత ఎంతో తేలుతుంది. కలిపి రాస్తే మున్సిపాలిటీ తన చేతిలో లేని వాటికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

సిరిసిల్ల: మగ్గాలు, సొంత కరెంటు సంఘం

మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల తెలంగాణలో మరమగ్గాలకు పెట్టింది పేరు. భివండీ, షోలాపూర్ వంటి చోట్లకు వలస వెళ్లి మరమగ్గం పని నేర్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడి పరిశ్రమకు పునాది వేశాయి. ఇప్పుడు సిరిసిల్లలో పాతిక వేలకు పైగా మగ్గాలున్నాయి. స్థానికులు వీటిని సాంచాలంటారు. ఎక్కువ భాగం పాలిస్టర్ గుడ్డ నేస్తాయి, కొన్ని కాటన్ లంగా గుడ్డ నేస్తాయి. నూలు పెట్టి గుడ్డ తీసుకునే యజమాని, కొన్ని మగ్గాలు పెట్టుకుని కూలికి నేయించే ఆసామి, మగ్గం నడిపే కార్మికుడు అనే మూడంచెల వ్యవస్థ ఇక్కడిది. పొదుపు చర్యల ఖర్చు ఎవరు పెట్టాలి, లాభం ఎవరికి దక్కాలి అన్న ప్రశ్నకు సమాధానం ఈ మూడంచెల్లోనే వెతకాలి.

మగ్గం లెక్క తేలికైనది. సగటున అర కిలోవాట్ తీసుకునే మగ్గం రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 1,500 యూనిట్లు కాలుతాయి. అంటే దాదాపు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. ఇంటి కప్పు మీద పెట్టిన ఒక కిలోవాట్ సౌర ఫలకాలు ఈ ప్రాంతపు ఎండకు ఏడాదిలో ఇంచుమించు అంతే కరెంటు ఇస్తాయి. ఒక సాంచాకు ఒక కిలోవాట్ అన్న ఈ సూత్రం సిరిసిల్ల ప్రణాళికకు ఆధారం కాగలదు. 25 వేల మగ్గాలకు 25 మెగావాట్లు చాలు. రాష్ట్ర స్థాయిలో చూస్తే అది చిన్న పరిమాణమే.

సిరిసిల్లకు మిగతా రెండు పట్టణాలకూ లేని అనుకూలత ఒకటుంది. అది సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట సెస్. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ తోడ్పాటుతో దేశంలో తొలుత ఏర్పడిన అయిదు విద్యుత్ సహకార సంఘాల్లో ఇది ఒకటి. 1970లో మొదలైంది. కర్ణాటకలోని హుక్కేరి, మహారాష్ట్రలోని ముల-ప్రవర, గుజరాత్‌లోని కోడినార్, ఉత్తరప్రదేశ్‌లోని లక్నో ప్రాంతపు సంఘాలు మిగిలినవి. అర్ధ శతాబ్దం తర్వాత కూడా సెస్ వినియోగదారులు సభ్యులుగా ఉండి, ఓటేసి డైరెక్టర్లను ఎన్నుకునే సంస్థగా కొనసాగుతోంది. 2022 డిసెంబర్‌లోనూ దీనికి ఎన్నికలు జరిగాయి.

సెస్ సొంతంగా కరెంటు ఉత్పత్తి చేయదు. ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర టోకున కొని సభ్యులకు పంచుతుంది. ఆ కొనుగోలులో సౌర విద్యుత్తు వాటా పెంచుకోవడం, తన పరిధిలోనే ఉమ్మడి సౌర క్షేత్రం నిర్మించడం సభ్యుల తీర్మానంతో మొదలుకాగల పనులు. నియంత్రణ మండలి అనుమతి, ప్రభుత్వ రుణ సాయం తోడు కావాలి. ఆసామి చేతి నుంచి పెట్టుబడి అడగకుండా, సంఘమే ఫలకాలు పెట్టి, ఆదా అయిన మొత్తంలో కొంత నెలనెలా బిల్లులో జమచేసుకునే పద్ధతి ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. అద్దె షెడ్డులో మగ్గాలున్న ఆసామికి సొంత కప్పు ఉండదు, బ్యాంకు రుణమూ సులభంగా దొరకదు. అతనికి ఉమ్మడి క్షేత్రంలో వాటా ఇవ్వడమే న్యాయమైన దారి.

స్థలం కోసం పంట భూములను తీసుకోవలసిన పని లేదు. రామగుండం జలాశయం మీద ఎన్‌టీపీసీ నిర్మించిన 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం 2022 జులై నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తోంది. అది దాదాపు 500 ఎకరాల నీటి మీద పరుచుకుంది. అదే నిష్పత్తిలో సిరిసిల్ల మగ్గాలకు కావలసిన 25 మెగావాట్లకు 125 ఎకరాల నీరు చాలు. సిరిసిల్లకు దిగువనే మధ్య మానేరు జలాశయం ఉంది. అక్కడి నీటిమట్టాల హెచ్చుతగ్గులు, మత్స్యకారుల హక్కులు పరిశీలించాకే అడుగు వేయాలి. ఆ జలాశయం కింద ఇళ్లూ పొలాలూ కోల్పోయిన గ్రామాల వారికి అందులో తొలి వాటా దక్కాలి. వారి త్యాగం మీద వచ్చిన నీటి మీద వారికి లేని ఆదాయం మరెవరికో పోవడం సమర్థనీయం కాదు.

సౌర విద్యుత్తు పగటిపూట మాత్రమే వస్తుంది. మగ్గాలు రాత్రి షిఫ్టులోనూ నడుస్తాయి. పగటి మిగులును గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి తిరిగి తీసుకునే నెట్ మీటరింగ్ ప్రస్తుతానికి దారి. మున్ముందు బ్యాటరీ నిల్వ అవసరమవుతుంది. దీనితో పాటు పాత మోటార్లు తీసేసి పొదుపు మోటార్లు బిగించడం, షెడ్డు వైరింగ్ సరిచేయడం, బీములు చుట్టే యంత్రాల్లోనూ నూలుకు గంజి పెట్టే సైజింగ్ యూనిట్లలోనూ వృథా అయ్యే కరెంటునూ ఆవిరినీ అరికట్టడం జరగాలి. కేంద్ర జౌళి శాఖ 2017లో ప్రారంభించిన పవర్‌టెక్స్ పథకంలో మగ్గాల ఆధునికీకరణకూ సౌర విద్యుత్తుకూ చోటు కల్పించారు. ఆ అనుభవంలోని మంచిచెడులను కొత్త ప్రణాళికలో పరిగణించాలి.

ఇక మూడో పరిధి. పాలిస్టర్ నూలు పెట్రోలియం ఉత్పత్తి. మగ్గం వాడే కరెంటు కన్నా నూలు తయారీలో పుట్టే కర్బనం ఎక్కువ బరువు తూగవచ్చు. సిరిసిల్లకు పెద్ద కొనుగోలుదారు రాష్ట్ర ప్రభుత్వమే. 2017 నుంచి బతుకమ్మ చీరలు, బడి పిల్లల యూనిఫారాలు, తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్లు ఇక్కడికి వచ్చాయి. కొనేవాడు నిబంధన పెడితే నూలు మారుతుంది. ఆర్డరులో కొంత శాతం కాటన్ గానీ, వాడిన ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన పాలిస్టర్ గానీ ఉండాలని షరతు పెట్టి, దానికయ్యే అదనపు ధరను ప్రభుత్వమే భరిస్తే కార్మికుడి మీద భారం పడకుండా మార్పు వస్తుంది. ఆర్డర్లు ఆలస్యమైతే మగ్గాలు ఆగి ఇళ్లు గడవని పరిస్థితి సిరిసిల్ల చూసింది. మగ్గం ఆగిపోవడం వల్ల తగ్గిన ఉద్గారాన్ని విజయంగా లెక్కించకూడదు. మీటరు గుడ్డకు ఎంత కర్బనం అన్నదే సరైన కొలత.

జగిత్యాల: వరి, మిల్లులు, పరిశోధన

జగిత్యాల చుట్టూ శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీటితో వరి విస్తరించింది. మామిడి తోటలు విస్తారంగా ఉన్నాయి. పట్టణం పక్కన చల్‌గల్‌లో మామిడి మార్కెట్ జరుగుతుంది. ఇక్కడ కర్బన చిట్టా పొలాన్నీ మిల్లునూ మార్కెట్‌నూ విడిచిపెట్టి రాయలేం.

నీరు నిలిచిన వరి మడిలో వేళ్ల దగ్గర గాలి అందక సూక్ష్మజీవులు మీథేన్ విడుదల చేస్తాయి. వందేళ్ల కాలానికి లెక్కిస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు ఎక్కువగా వేడెక్కిస్తుంది. మడిని అదేపనిగా నింపి ఉంచకుండా, ఆరబెట్టి మళ్లీ తడిపే పద్ధతి పాటిస్తే మీథేన్ 30 నుంచి 50 శాతం వరకు తగ్గుతుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అనుభవం చెబుతోంది. నీరు ఆదా అవుతుంది, బోరు మోటారు నడిచే గంటలు తగ్గుతాయి, దిగుబడి పెద్దగా పడిపోదు. పొడి దుక్కిలో నేరుగా విత్తే పద్ధతి కూడా ఇదే మేలు చేస్తుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉన్న రాష్ట్రంలో నీటి పొదుపుకు ధర రూపంలో ప్రేరణ లేదు. ఆదా చేసిన రైతుకు ఎకరానికి ఇంత అని ప్రోత్సాహకం ఇవ్వడమే ఆచరణ సాధ్యమైన మార్గం.

ఈ మార్పుకు సలహాదారు జగిత్యాల పొలిమేరలోనే ఉంది. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం జగిత్యాల సన్నాలుగా రైతులు పిలుచుకునే జేజీఎల్ 1798 వంటి వరి రకాలను రూపొందించింది. స్వల్పకాలిక రకం పొలంలో నీరు నిలిచే రోజులను తగ్గిస్తుంది. అక్కడే వ్యవసాయ కళాశాల ఉంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఉద్గారాల పట్టిక తయారీని ఈ రెండు కళాశాలల విద్యార్థులకు ఏటా అప్పగిస్తే మున్సిపాలిటీకి కన్సల్టెంట్ల ఖర్చు తప్పుతుంది, లెక్క ఊళ్లోనే నిలుస్తుంది.

ధాన్యం బరువులో సుమారు అయిదో వంతు ఊక. ఉప్పుడు బియ్యం మిల్లులు తమ బాయిలర్లలో దీన్నే మండిస్తాయి. పంట నుంచి వచ్చిన ఊక బొగ్గు కన్నా మేలే, కానీ పాత బాయిలర్లు ఇంధనాన్ని వృథా చేస్తాయి, మసి ఊరి మీద పడుతుంది. బాయిలర్ల సామర్థ్యం పెంచి మిగిలే ఊకను సిరిసిల్ల సైజింగ్, అద్దకం యూనిట్లకు అచ్చులుగా పంపగలిగితే రెండు పట్టణాల చిట్టాలూ తేలికవుతాయి. కోతల తర్వాత పొలాల్లో తగలబెట్టే కొయ్యకాళ్లను భూమిలో కలియదున్నడం, గడ్డిని కట్టలు కట్టి పశువుల మేతకు మళ్లించడం పరిసర ఖాతాలో చేరే పనులు.

కోరుట్ల: చెత్త నుంచి గ్యాస్

63వ నంబరు జాతీయ రహదారి మీద, జగిత్యాలకూ మెట్‌పల్లికీ మధ్య ఉన్న కోరుట్ల వర్తక పట్టణం. 2011 జనగణనలో దీని జనాభా 66 వేలు దాటింది. బీడీల తయారీ, గల్ఫ్ వలస, పసుపు వ్యాపారం ఇక్కడి జీవితాన్ని తీర్చిదిద్దాయి. భారీ పరిశ్రమ లేని ఇలాంటి ఊళ్లో చెత్త, వాహనాలు, ఇళ్ల కరెంటు, వంటగ్యాస్ ముందు వరుసలో ఉంటాయి.

చిన్న పట్టణంలో మనిషికి రోజుకు 300 నుంచి 400 గ్రాముల చెత్త అనుకుంటే, 70 వేల మందికి 21 నుంచి 28 టన్నులు. అందులో దాదాపు సగం తడిచెత్త. ఏడాదికి నాలుగైదు వేల టన్నుల తడిచెత్త డంపింగ్ యార్డులో కుళ్ళితే రెండు వేల నుంచి నాలుగు వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన మీథేన్ వెలువడుతుంది. అదే తడిచెత్తను మూసిన ట్యాంకులో కుళ్ళబెడితే టన్నుకు దాదాపు 80 ఘనపు మీటర్ల బయోగ్యాస్ వస్తుంది. అది రెండు మూడు వంటగ్యాస్ సిలిండర్లకు సాటి. మిగిలిన బురద పసుపు తోటలకు ఎరువు.

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో రోజుకు 10 టన్నుల సామర్థ్యం గల బయోగ్యాస్ ప్లాంటు నడిచింది. మార్కెట్ చెత్త నుంచి కరెంటు, వంటకు గ్యాస్ ఇచ్చింది. కోరుట్ల రోజువారీ తడిచెత్త పరిమాణం ఇంచుమించు అంతే. ఇక్కడ ఉన్న పశువైద్య కళాశాల మరో ఆసరా. పేడ కలిపితే ప్లాంటులో సూక్ష్మజీవుల పని నిలకడగా సాగుతుంది.

ఇలాంటి ప్లాంట్లు విఫలమయ్యేది యంత్రం వల్ల కన్నా ఇంటి గడప దగ్గర చెత్త విడదీయకపోవడం వల్లే. తడి, పొడి విడిగా ఇవ్వడం అలవాటు కావాలంటే చెత్త బండి రోజూ ఒకే సమయానికి రావాలి, విడదీసి తీసుకున్న చెత్తను బండిలో మళ్లీ కలపకూడదు, పారిశుధ్య కార్మికులకు చేతి తొడుగులు, జీతాలు సకాలంలో అందాలి. కర్బన ప్రణాళికలో వారి పనికి రాసే కేటాయింపు ఖర్చు కాదు, పెట్టుబడి.

పసుపు సీజనులో కొమ్ములు ఉడికించడానికి కట్టెల వాడకం ఎక్కువ. మూసిన ఆవిరి బాయిలర్లను రైతు సంఘాల ద్వారా అద్దెకు అందిస్తే కట్టెలూ సమయమూ ఆదా అవుతాయి.

రవాణా

మూడు పట్టణాల్లోనూ ద్విచక్ర వాహనాలు, ఆటోలే ప్రధానం. డీజిల్ ఆటో రోజుకు 80 కిలోమీటర్లు తిరిగితే సుమారు మూడు లీటర్లు తాగుతుంది. అంటే 8 కిలోల కార్బన్ డయాక్సైడ్. అదే దూరానికి ఎలక్ట్రిక్ ఆటో ఆరేడు యూనిట్లు వాడితే, ఇప్పటి బొగ్గు గ్రిడ్ మీద కూడా ఉద్గారం నాలుగైదు కిలోలకు దిగుతుంది. సౌర కరెంటుతో చార్జింగ్ చేస్తే దాదాపు సున్నా. 2024 నవంబర్‌లో వచ్చిన తెలంగాణ ఎలక్ట్రిక్ వాహన విధానం రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుములను మినహాయించింది. ఆటో డ్రైవర్లకు తక్కువ వడ్డీ రుణం, బస్టాండు దగ్గర చార్జింగ్ చోటు కల్పించడం పట్టణం చేతిలో ఉన్న పని.

ఊళ్ల మధ్య ప్రయాణానికి బస్సు, రైలు బలపడాలి. 2024లో కరీంనగర్ డిపోలో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ప్రవేశపెట్టింది. 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగింది. రద్దీకి తగినన్ని బస్సులు వేస్తేనే జనం సొంత బండి వైపు మళ్లకుండా ఉంటారు. పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గం 2017లో పూర్తై జగిత్యాల శివారులోని లింగంపేట, కోరుట్ల, మెట్‌పల్లిలను కలిపింది. బియ్యం, మామిడి, పసుపులను లారీల నుంచి ఈ రైలు మీదికి మళ్లించే అవకాశం ఇంకా చాలా ఉంది. మనోహరాబాద్–కొత్తపల్లి మార్గం 2023 అక్టోబర్‌లో సిద్దిపేటకు చేరింది. అది సిరిసిల్ల మీదుగా సాగాల్సి ఉంది. పూర్తయితే గుడ్డ బేళ్లకు, వేములవాడ యాత్రికులకు లారీ, కారు కాని దారి దొరుకుతుంది. స్టేషన్ నుంచి ఊళ్లోకి బస్సు అనుసంధానం ఇప్పుడే ఆలోచించాలి.

ఇళ్లు, కప్పులు, ఎండ

గల్ఫ్ సంపాదనతో కట్టిన కాంక్రీటు ఇళ్లు జగిత్యాల, కోరుట్లల్లో వీధి వీధినా కనిపిస్తాయి. వీటి కప్పులు మంచి విద్యుత్ వనరు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం 3 కిలోవాట్ల వరకు గరిష్ఠంగా రూ.78,000 రాయితీ ఇస్తోంది. 3 కిలోవాట్ల ఫలకాలకు దాదాపు 300 చదరపు అడుగుల కప్పు కావాలి, ఏడాదికి మూడు టన్నుల దాకా ఉద్గారం తగ్గుతుంది. యజమానులు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లకు దరఖాస్తు, బిల్లు పనులు చేసిపెట్టే సహాయ కేంద్రం మున్సిపాలిటీలో ఉంటే వేగం పెరుగుతుంది.

రేకుల ఇళ్లకు, మగ్గాల షెడ్లకు చల్లని కప్పు ముఖ్యం. తెలంగాణ 2023–28 చల్లని పైకప్పుల విధానాన్ని 2023 ఏప్రిల్‌లో ప్రకటించింది. రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇలాంటి కప్పులుండాలన్నది దాని లక్ష్యం. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేస్తే కప్పు కింది గది చల్లబడుతుంది, కూలర్ల వాడకం తగ్గుతుంది. బీడీ కార్మికుల వాడలు, నేత వాడలు మొదటి జాబితాలో ఉండాలి.

చెట్ల పాత్ర

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి పట్టణం తన బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. 2015లో మొదలైన హరితహారం మొక్కల పెంపకం ఈ పట్టణాలకు నర్సరీలను, రహదారి పక్క నీడను ఇచ్చింది. కానీ కర్బన లెక్కలో చెట్టు చేయగలిగిందెంతో నిజాయతీగా చెప్పుకోవాలి. ఎదిగిన చెట్టు ఏడాదికి సగటున 20 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందనుకుంటే, సిరిసిల్ల మగ్గాల 25 వేల టన్నులకే 12.5 లక్షల చెట్లు కావాలి. ఎకరానికి 160 చెట్ల చొప్పున దాదాపు 7,800 ఎకరాలు. అదే పనిని 125 ఎకరాల సౌర ఫలకాలు చేస్తాయి. చెట్లు కావాలి: నీడకు, భూగర్భ జలానికి, పక్షులకు, ఎండ తీవ్రత తగ్గడానికి. కర్బన ఖాతాలో మాత్రం వాటిని చివరి కొద్ది భాగానికే వాడాలి. పదేళ్లు బతికిన చెట్టునే లెక్కలోకి తీసుకోవాలి, నాటిన మొక్కను కాదు.

ఇతర పట్టణాల అనుభవం

స్వీడన్‌లోని వెక్షో జగిత్యాల అంత పట్టణం. శిలాజ ఇంధనాలు లేకుండా బతకాలని అక్కడి పురపాలక సంఘం 1996లోనే పార్టీలకు అతీతంగా నిర్ణయించింది. చుట్టుపక్కల అడవుల కలప వ్యర్థాలతో ఇళ్లకు వేడి, కరెంటు అందించి తలసరి ఉద్గారాలను సగానికి పైగా తగ్గించుకుంది. తన పరిసరాల్లో ఉన్న వనరును ఆధారం చేసుకోవడం, ఎన్నికలు మారినా తీర్మానం మారకపోవడం ఆ ఊరి విజయానికి కారణాలు.

కోపెన్‌హేగన్ 2009లో, 2025 నాటికి కర్బన తటస్థ రాజధాని కావాలని నిర్ణయించింది. ఉద్గారాలను భారీగా తగ్గించింది కూడా. అయితే చివరి భాగం కోసం చెత్త దహన కేంద్రంలో కర్బనాన్ని పట్టి నిల్వచేసే సాంకేతికత మీద ఆధారపడింది. దానికి నిధులు సమకూరక 2022లో గడువు అందుకోలేమని చెప్పవలసి వచ్చింది. ఇంకా చేతికి రాని యంత్రం మీద గడువు పెట్టుకోకూడదన్నది దాని పాఠం.

కేరళ వయనాడ్‌లోని మీనంగాడి పంచాయతీ 2016లో కర్బన తటస్థ కార్యక్రమం ప్రారంభించి ముందుగా ఊరి ఉద్గారాల పట్టిక వేసుకుంది. చెట్టును తాకట్టుగా చూపితే రైతుకు వడ్డీలేని రుణమిచ్చి, నరకనంత కాలం తిరిగి అడగని చెట్ల బ్యాంకు ఏర్పాటు చేసింది. జమ్మూలోని పల్లీ గ్రామంలో 2022 ఏప్రిల్‌లో 500 కిలోవాట్ల సౌర కేంద్రం ప్రారంభమైంది. జగిత్యాల మామిడి రైతుకు మీనంగాడి పద్ధతి, సిరిసిల్ల సంఘానికి పల్లీ పద్ధతి దగ్గరగా ఉంటాయి.

దశలు, బాధ్యతలు

మూడు పట్టణాల ప్రణాళికను నాలుగు దశలుగా విభజించుకోవచ్చు.

మొదటి రెండేళ్లు: ఉద్గారాల పట్టిక తయారీ, ప్రచురణ. వీధి దీపాలు, నీటి పంపులు, మున్సిపల్ భవనాల కరెంటు పొదుపు. గడప దగ్గరే చెత్త విడదీయడం.

2030 దాకా: ప్రభుత్వ భవనాలన్నింటికీ సౌర ఫలకాలు, కోరుట్లలో బయోగ్యాస్, సిరిసిల్లలో సెస్ తొలి ఉమ్మడి సౌర క్షేత్రం, పాత డంపింగ్ యార్డుల చెత్తను తవ్వి వేరుచేయడం, నేత, బీడీ వాడలకు చల్లని కప్పులు.

2040 దాకా: మగ్గాలకు పూర్తి సౌర విద్యుత్తు, ఆటోలు, బస్సుల విద్యుదీకరణ, బ్యాటరీ నిల్వ, వరిలో తడి-ఆరు పద్ధతి సాధారణం కావడం.

2050 దాకా: మిగిలిన వంటగ్యాస్, సిమెంటు, లారీల ఉద్గారాలకు మార్గాలు వెతకడం, తప్పనిసరిగా మిగిలిన దాన్ని చెట్లు, నేల ద్వారా పీల్చుకోవడం.

దేశ గడువు 2070 అయితే పట్టణాలు 2050 ఎందుకు పెట్టుకోవాలన్న ప్రశ్న సహజం. ఉక్కు, సిమెంటు వంటి పరిశ్రమలకు దేశం ఎక్కువ సమయం ఇవ్వక తప్పదు. అవి లేని ఊళ్లు ముందుగా చేరగలవు, చేరితే కరెంటు బిల్లులోనూ ఆసుపత్రి ఖర్చులోనూ ముందుగా లాభపడతాయి.

ప్రతి పనికీ ఒక బాధ్యుడు ఉండాలి. కరెంటుకు సెస్, పంపిణీ సంస్థ, చెత్తకు మున్సిపాలిటీ, పొలానికి వ్యవసాయ శాఖ, పొలాస కేంద్రం, బస్సుకు ఆర్టీసీ. జిల్లా కలెక్టర్ దగ్గర ఏడాదికోసారి అందరి లెక్క ఒకచోట చేరాలి. అది వార్డు సభల్లో చదివి వినిపించేంత సరళమైన తెలుగులో ఉండాలి. పాలకవర్గం మారినా ప్రణాళిక మారకుండా కౌన్సిల్ తీర్మానంగా నమోదు కావాలి.

ఈ పనుల్లో ఏదీ కొత్తగా కనిపెట్టవలసింది కాదు. ఫలకం, బయోగ్యాస్ ట్యాంకు, పొదుపు మోటారు, తెల్లని పూత అన్నీ మార్కెట్‌లో దొరికేవే. సహకార సంఘం, పరిశోధన కేంద్రం, కళాశాలలు ఇప్పటికే ఉన్నాయి. వీటిని ఒక తాటి మీదకు తెచ్చేది లెక్క. అందుకే తొలి ఏడాది మూడు మున్సిపాలిటీలు పెట్టుకోదగ్గ లక్ష్యం ఒకటే: తమ ఊరి ఉద్గారాల పట్టికను తయారుచేసి ప్రజల ముందు పెట్టడం.